బేస్‌మెంట్‌లో బంగారు గని

మా అమ్మ మా చిన్నవాణ్ణి పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. ఫోన్‌లో అయినా, ఎదురుగా అయినా "ఏరా, మా బంగారు కొండా!" అనే. వాడికిప్పుడు పద్నాలుగేళ్ళు. మీ ఇళ్ళల్లో పిల్లల్లాగే మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. అమ్మమ్మతో మాత్రం కష్టపడి తెలుగులోనే మాట్లాడతాడు.

కిందటి వేసవిలో అమ్మ న్యూజెర్సీలో మా దగ్గర ఉన్నప్పుడు ఒకరోజు భోజనాల దగ్గర వాడు, "అమ్మమ్మా, మన బేస్‌మెంట్‌లో నిజంగానే బంగారం ఉంది, తెలుసా?" అన్నాడు. అమ్మ పకపకా నవ్వి, "ఎవరు పాతిపెట్టార్రా లంకెబిందెలు? మీ నాన్నా?" అంది. నేనూ నవ్వేసి పప్పు వడ్డించడంలో పడ్డాను. ఆ పూట ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే నాకు తరవాత అంత గుండెదడ తప్పేది.

రెండు వారాల తరవాత గరాజ్‌లోకి వెళ్తే పిల్లల సైకిలు గొలుసు ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. పక్కనే మావారి రెంచీలూ, స్క్రూడ్రైవర్లూ అదే రంగులో ఉన్నాయి. వసంతకాలంలో కొత్తగా కొన్న సామాను! ముక్కుకి ఏదో ఘాటు తగిలింది. కాలేజీ లాబ్‌లో ఏళ్ళ తరబడి పీల్చిన వాసన మరిచిపోతామా? పెయింటు డబ్బాల వెనక, ఆవకాయ అయిపోయాక నేను కడిగి దాచుకున్న పెద్ద గాజుసీసా ఉంది. అందులో చిక్కటి ఆకుపచ్చ నీళ్ళు. అడుగున కంప్యూటరు మెమరీ కార్డుల ముక్కలు. పైన ఉల్లిపొర కన్నా పల్చగా బంగారు రంగు తునకలు తేలుతున్నాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉందో! కాని సీసా మూత బిగించి ఉంది, ఆ మూత మధ్యలో పైకి ఉబ్బి ఉంది.

నేను వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఇక్కడ ఒక మందుల కంపెనీ లాబ్‌లో పనిచేస్తున్నాను. ఆ ఉబ్బు చూడగానే కాళ్ళలో వణుకు పుట్టింది. ఇవతల నా మొహానికీ ఆ సీసాకీ మధ్య దూరం రెండడుగులు.

ఏం జరిగిందో చెప్తాను. వీడూ, వీడి స్నేహితుడూ ఏదో వీడియో చూశారు. పాత కంప్యూటర్ల కార్డులకి అంచున బంగారు పళ్ళలాంటి గీతలుంటాయి కదా, వాటిని కత్తిరించి ఆసిడ్‌లో వేస్తే బంగారం ఊడి వస్తుందని అందులో చూపించారట. స్నేహితుడి ఇంట్లో ఈతకొలనుకి వాడే మ్యూరియాటిక్ ఆసిడ్ ఉంది. మనం బడిలో చదువుకున్న హైడ్రోక్లోరికామ్లానికే అది బజారు పేరు. దానికి తోడు దెబ్బలకి రాసే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఈ రెండూ కలిసి బంగారాన్ని దాదాపు ముట్టుకోవు. దాని కిందనున్న నికెల్నీ, రాగినీ మెల్లగా తినేస్తాయి. నీళ్ళకి పచ్చదనం ఆ కరిగిన రాగిదే. కాళ్ళ కింద నేల పోయిన బంగారు పొర విడిపోయి పైకి తేలుతుంది. లెక్క అంతవరకూ బాగానే ఉంది. అయితే రాగి కలిసిన ఆ నీళ్ళలో పెరాక్సైడ్ విరిగిపోయి ఆక్సిజన్ వాయువు ఊరుతూనే ఉంటుంది. "వాసన వస్తే అమ్మకి తెలిసిపోతుంది" అని మూత బిగించాడు మా బంగారు కొండ. వాయువు బయటికి పోయే దారి లేదు. ఇంకొన్ని గంటలు ఆగితే ఆ సీసా పగిలి ఆ ఆసిడ్ ఎవరి కళ్ళలో పడేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. లాబ్‌లో వాడే కళ్ళద్దాలూ, చేతితొడుగులూ పెట్టుకుని, గరాజు తలుపు పూర్తిగా ఎత్తి, అందర్నీ ఇంట్లోకి పంపి, పాత తువ్వాలు కప్పి మూత వెంట్రుకవాసి చొప్పున వదులు చేశాను. బుస్సుమంటూ అయిదు నిమిషాలు పట్టింది.

తరవాత తిట్టాను. మా వీధి మొత్తం తెలుగు నేర్చుకునేంతగా తిట్టాను. చివరికి అమ్మే అడ్డుపడి, "తిట్టింది చాల్లే. అసలు ఆ డబ్బాల్లో బంగారం ఎందుకుంటుందో నాకు కూడా చెప్పు" అంది. వాడు తల ఎత్తి చూశాడు. ఆ సాయంత్రం వంటింట్లో మేం ముగ్గురం మాట్లాడుకున్నదే ఈ వ్యాసం.

కరెంటుకి బంగారమంటే ఎందుకంత ఇష్టం?

కరెంటుని మోయడంలో బంగారం కన్నా వెండి, రాగి మెరుగు. కాని రాగిచెంబు వారం రోజులు తోమకపోతే ఏమవుతుందో అమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. కార్డుని గాడిలో గుచ్చినప్పుడు రెండు లోహాలు ఒకదానికొకటి ఆనుకోవాలి. మధ్యలో చిలుమో, మురికో పొరగా చేరితే సంకేతం అటునించి ఇటు రాదు. బంగారానికి చిలుము లేదు. అందుకని రాగి మీద నికెల్ పూత వేసి, దాని మీద బంగారం పూస్తారు. నికెల్ లేకపోతే రాగి మెల్లగా బంగారంలోకి చొచ్చుకొచ్చి పైకి తేలుతుంది. మంచి కార్డుల మీద ఆ పూత మందం ఒక మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా ఉండదు. తల వెంట్రుకని నిలువునా నూరు పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర అనుకోండి.

మా బేస్‌మెంట్‌లో అలాంటి డబ్బాలు ఆరున్నాయి. మావారు 1998లో, వై2కే రోజుల్లో, రెండు సూట్‌కేసులతో వచ్చి మొదటి జీతంతో కొన్న కంప్యూటరు కూడా అందులో ఉంది. మనవాళ్ళెంతమంది ఆ రెండు అంకెల తేదీలు దిద్దుకుంటూ ఈ దేశంలో నిలదొక్కుకున్నారో మీకు తెలుసు. ఆ డబ్బాలని పారెయ్యడానికి మనసొప్పదు, వాడేందుకు పనికిరావు.

ఎంత బంగారం ఉంటుంది? అమెరికా జియలాజికల్ సర్వే 2006లో వేసిన లెక్క ప్రకారం ఒక సెల్‌ఫోనులో సుమారు 0.034 గ్రాములు. మన పాతకాలపు కంసాలి తూకంలో చెప్పాలంటే నాలుగు ఫోన్లు కలిపితే ఒక గురిగింజ ఎత్తు. పది గ్రాముల తులం కావాలంటే దాదాపు 300 ఫోన్లు కావాలి. "ఇంతోటి దానికా సైకిలు నాశనం చేశావు!" అంది అమ్మ.

కాని ఇదే లెక్కని టన్నుల్లో చూడండి. అప్పటి ఫోన్లు ఒక టన్ను పోగేస్తే సుమారు 300 గ్రాముల బంగారం వస్తుంది. గనిలో టన్ను రాయికి అయిదు గ్రాములుంటే మంచి గని అంటారు. మన చిత్తూరు జిల్లా సరిహద్దుకి ఆనుకుని ఉన్న కోలారు గనుల్లో మూడు కిలోమీటర్ల లోతు దాకా దిగి, 120 ఏళ్ళకి పైగా తవ్వి, గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరిలో మూసేశారు. ఒక ఫోను చెత్త, పదివేల ఫోన్లు గని.

ద్రవరాజం కథ

పిల్లలూ, మీకిది బాగా నచ్చుతుంది. విడివిడిగా ఏ మామూలు ఆమ్లమూ బంగారాన్ని కరిగించలేదు. నత్రికామ్లానికి లొంగదు, హైడ్రోక్లోరికామ్లానికి లొంగదు. రెండోది మూడు పాళ్ళు, మొదటిది ఒక పాలు కలిపితే మాత్రం లొంగిపోతుంది. లోహాలకి రాజైన బంగారాన్నే కరిగిస్తుంది కాబట్టి దీన్ని ద్రవరాజం అన్నారు. ఇద్దరు దొంగల కథలాంటిది ఇది. నత్రికామ్లం బంగారం పైపొర నుంచి ఒకటీ అరా పరమాణువుల్ని ఊడబెరుకుతుంది. ఒక్కతే ఉంటే అవి మళ్ళీ వెళ్ళి గూట్లో కూర్చుంటాయి. రెండో దొంగ దగ్గరున్న క్లోరైడులు ఊడిన పరమాణువుని నలుగురు చుట్టుముట్టి మూట కట్టి ఎత్తుకుపోతాయి. ఇక వెనక్కి వచ్చే దారి లేదు. మొదటి దొంగ ఇంకొకదాన్ని ఊడబెరుకుతాడు. చివరికి మిగిలేది నారింజ పసుపు రంగు నీళ్ళు.

1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోకి నడిచొచ్చింది. అక్కడ నీల్స్ బోర్ పరిశోధన సంస్థలో ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తల నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. ఒకటి మాక్స్ ఫాన్ లావేది, ఇంకొకటి జేమ్స్ ఫ్రాంక్‌ది. హిట్లర్ ప్రభుత్వంలో దేశం నుంచి బంగారం బయటికి పంపడం పెద్ద నేరం. పతకాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. దొరికితే బెర్లిన్‌లోనే ఉన్న లావే ప్రాణానికే ముప్పు. అక్కడ పనిచేస్తున్న హంగేరీ రసాయన శాస్త్రవేత్త జార్జ్ డి హెవెషీ ముందు వాటిని పాతిపెడదామన్నాడు. తవ్వి తీస్తారేమోనని బోర్ వద్దన్నాడు. బయట వీధుల్లో సైన్యం నడుస్తూంటే లోపల హెవెషీ రెండు పతకాల్నీ ద్రవరాజంలో కరిగిస్తూ కూర్చున్నాడు. పెద్ద బంగారం ముక్క తొందరగా కరగదు. అది ఎంత ఓపికతో చెయ్యవలసిన పనో లాబ్‌లో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. కరిగిన నీళ్ళని సీసాల మధ్య అరలో పెట్టేశాడు. సైనికులు భవనం వెతికారు, ఆ సీసాని ఎవరూ పట్టించుకోలేదు. 1943లో హెవెషీ కూడా స్వీడన్ పారిపోవలసి వచ్చింది. యుద్ధం ముగిసి తిరిగొచ్చేసరికి సీసా ఉన్నచోటే ఉంది! బంగారాన్ని వెనక్కి రప్పించి స్వీడన్ పంపారు. నోబెల్ సంస్థ కొత్తగా పోత పోయించిన పతకాన్ని ఫ్రాంక్ 1952లో అందుకున్నాడు.

"వెనక్కి ఎలా రప్పిస్తారు?" అన్నాడు మావాడు. దానికి మన నాటు మందుల కొట్లో దొరికే అన్నభేది చాలు. దాన్నే ఫెర్రస్ సల్ఫేట్ అంటారు. అది వేస్తే బంగారం క్లోరైడుల పట్టు విడిపించుకుని అడుగుకి దిగుతుంది. అయితే మెరుస్తూ కాదు, కాఫీ పొడి రంగు బురదలా దిగుతుంది. కడిగి, ఆరబెట్టి, కరగబోస్తేగాని బంగారంలా కనబడదు. తెలియనివాళ్ళు మడ్డి అనుకుని పారబోసుకుంటారు.

మావాడి కార్యక్రమంలో రెండో మెట్టు ఈ ద్రవరాజమే. దేవుడి దయవల్ల నత్రికామ్లం వాళ్ళకి దొరకలేదు. అది లోహాలతో కలిస్తే గోధుమరంగు పొగ లేస్తుంది. పీల్చినవాళ్ళకి కాసేపు దగ్గొచ్చి తగ్గినట్టే ఉంటుంది. పిల్లవాడు అన్నం తిని పడుకుంటాడు. కొన్ని గంటల తరవాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకే మా కాలేజీలో ఆ ప్రయోగాలు గాలి బయటికి లాగే గాజు బీరువాలోనే చేయించేవారు. గరాజు తలుపు తెరిచిపెట్టుకోవడం దానికి సాటి కాదు. అమ్మలూ, నాన్నలూ, ఇలాంటి వీడియోలు మీ పిల్లలూ చూస్తూనే ఉంటారు, ఒకసారి అడగండి. ఈ దేశంలో పాయిజన్ కంట్రోల్ వాళ్ళ నంబరు 1-800-222-1222. మా ఫ్రిజ్ మీద ఇప్పుడు అంటించి ఉంది. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆగకుండా 911.

జరీ చీరా, స్టీలు బకెట్టూ

ఇదంతా విన్న అమ్మ, "ఇందులో కొత్తేముందే!" అనేసింది. "మా చిన్నప్పుడు రాజమండ్రిలో కంసాలి కొట్ల ముందు మట్టి ఊడ్చుకుపోయేవాళ్ళు వచ్చేవారు. కాలవలో బురద కూడా వదిలేవారు కాదు. జల్లెడలో కడిగి కడిగి ఇంత బంగారపు రజను తీసేవారు." వాళ్ళ పనికి మన నిఘంటువుల్లో మాట కూడా ఉంది, జలగడుగు. ఆ మాట నేను కూడా మరిచిపోయాను.

తరవాత అమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. "పాత పట్టుచీరలు, జరీ కొంటాం" అని వీధిలో కేక వినబడేది, మీకూ గుర్తుండే ఉంటుంది. పాతకాలపు అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు నీరు. కొన్నవాళ్ళు చీరని కాల్చేసి, బూడిదలోంచి వెండీ బంగారం తీసుకునేవారు. చిరిగిపోయిన తన పెళ్ళి చీరని అమ్మ ఒక స్టీలు బకెట్టుకి ఇచ్చేసిందట. కాలుస్తారని అప్పుడు తెలియదు. "తెలిసుంటే ఇచ్చేదాన్ని కాదు" అంది. మావాడు కాసేపు ఏమీ అనలేదు. తరవాత "దట్స్ ఈ-వేస్ట్, అమ్మమ్మా" అన్నాడు. ఆ పోలికని నేను కూడా ఒప్పుకోక తప్పలేదు.

అసలు పెద్ద ఎత్తున ఎక్కడ చేస్తారంటే, కొన్ని దేశాల్లో దీనికి పెద్ద కొలుములున్నాయి. బెల్జియంలో హోబోకెన్ అనే ఊళ్ళో ఒకటుంది. మన న్యూజెర్సీ హోబోకెన్ కాదండోయ్! అక్కడ కార్డుల్ని కరిగించి లోహాల్ని ఒకదాని తరవాత ఒకటి విడదీస్తారు. పొగనీ, నీళ్ళనీ పట్టి శుద్ధి చేసే యంత్రాలు కొలుమంత పెద్దవి. బ్రిటన్‌లో నాణేల వాడకం తగ్గిపోవడంతో రాయల్ మింట్ వాళ్ళు వేల్స్‌లో పాత సర్క్యూట్ బోర్డుల నుంచి బంగారం తీసే కర్మాగారం పెట్టి 2024లో తెరిచారు. కొలిమి లేకుండా, మామూలు గది వేడిలోనే ఒక ద్రావణంతో నిమిషాల్లో బంగారాన్ని కరిగించేస్తారు.

కాని ఊళ్ళకి ఊళ్ళే మా గరాజులా మారిన చోట్లు కూడా ఉన్నాయి. చైనాలో గుయ్యూ అనే పట్నంలో ఏళ్ళ తరబడి పెరళ్ళల్లో బోర్డుల్ని కాల్చి, వాగుల ఒడ్డున ఆసిడ్ తొట్లలో నానబెట్టారు. 2007లో ప్రచురించిన పరిశోధనలో అక్కడ ఆరేళ్ళ లోపు పిల్లలు 165 మంది రక్తం పరీక్షిస్తే డెసీలీటరుకి సగటున 15.3 మైక్రోగ్రాముల సీసం తేలింది. ఈ దేశంలో 2021 నుంచి 3.5 దాటితేనే డాక్టరు జాగ్రత్త పడతారు. ఆ సీసంలో చాలా భాగం బోర్డుల మీది టంకంలోంచి వచ్చిందే. మన దేశంలో ఢిల్లీ సీలంపూర్‌లోనూ, మొరాదాబాద్‌లో రామగంగ ఒడ్డునా ఇదే పని జరిగింది. 2012 మే నుంచి అమలైన ఈ-వేస్ట్ నిబంధనలు ఇంకా కట్టుదిట్టమయ్యాయి గాని, చేతులతో చేసేవాళ్ళు పోలేదు. ఈ చెత్త పేద దేశాలకి వెళ్ళకుండా చూసే బేసెల్ ఒప్పందం మీద అమెరికా 1990లో సంతకం చేసి, ఇప్పటికీ ఆమోదించలేదు. మనం పారేసిన డబ్బా ఎక్కడికి చేరుతుందో అడిగే బాధ్యత మన మీదే పడింది. ప్రపంచం మొత్తం మీద 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వేస్ట్ తయారైతే, లెక్కకి దొరికేట్టు రీసైకిల్ అయింది 22 శాతం చిల్లర.

ఈ అంకెలన్నీ విని మావాడు నీరసపడిపోతే, నేను సింధు సంగతి చెప్పాను. టోక్యో ఒలింపిక్స్ కోసం జపాన్‌వాళ్ళు 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా ఇంటింటి పాత సామానూ పోగేశారు. 78,985 టన్నుల చిన్న పరికరాలు, విడిగా 62 లక్షల సెల్‌ఫోన్లు. అందులోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి వచ్చాయి. సుమారు 5,000 పతకాలు పూర్తిగా ఆ లోహంతోనే చేశారు. 2021 ఆగస్టు 1న మన హైదరాబాదు అమ్మాయి పి.వి. సింధు మెడలో వేసుకున్న కాంస్యం ఎవరివో పాత ఫోన్లూ, లాప్‌టాప్‌లే. వారం తిరక్కుండా నీరజ్ చోప్రా గెలిచిన స్వర్ణం కూడా అంతే. అందులో బంగారం ఆరు గ్రాముల పైచిలుకే, మిగతాదంతా వెండి. మా ఇంట్లో ఆ మ్యాచ్ చూస్తూ అరిచిన అరుపులకి కుక్క సోఫా కిందకి దూరింది. పతకం సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఇక మా సీసా సంగతి. వాయువు పూర్తిగా పోయాక, నేనే తొడుగులు వేసుకుని, ఆ తునకల్ని కాఫీ ఫిల్టరు మీదకి తీసి చాలాసార్లు కడిగాను. ఆకుపచ్చ నీళ్ళని మా కౌంటీ ప్రమాదకర చెత్త తీసుకునే రోజున అప్పగించాం. కాలవలో పోస్తే చేపలకి ఆ రాగి విషం. తునకల్ని అమ్మ ఖాళీ హోమియో మాత్రల సీసాలో వేసి నీళ్ళు పోసింది. వంటింటి త్రాసు మీద పెడితే సీసా బరువే చూపించింది. బంగారం దగ్గర సున్నాయే. "ముక్కుపుడకకి కూడా చాలదురా బంగారు కొండా" అంది అమ్మ. సైకిలు గొలుసూ, రెంచీలూ కొత్తవి కొనడానికి వాడి వేసవి పాకెట్ మనీ అంతా అయిపోయింది.

దసరా వేడుకల రోజున వాడూ, ఆ స్నేహితుడూ మన సంఘం హాలు పార్కింగులో ఒక బల్ల వేసుక్కూర్చున్నారు. మీలో చాలామంది చూసే ఉంటారు. మూడు వ్యాన్లు నిండాయి! న్యూజెర్సీలో కంప్యూటర్లూ, టీవీలూ మామూలు చెత్తలో వెయ్యడం 2011 నుంచే నిషేధం. ఆర్‌2 గాని, ఈ-స్టూవర్డ్స్ గాని సర్టిఫికెట్ ఉన్న రీసైక్లర్లకి ఇస్తే సామాను ఎటు వెళ్తుందో లెక్క ఉంటుంది. ఇచ్చేముందు మీ ఫోటోలూ, బ్యాంకు వివరాలూ చెరిపెయ్యండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే విడిగా చెప్పండి, వ్యానులో అంటుకుంటుంది.

మా ఆరు డబ్బాలూ వెళ్ళిపోయాయి, 1998 నాటిదానితో సహా. మావారు దాని ముందు నిలబడి ఒక ఫోటో తీయించుకున్నారు. అమ్మ దగ్గర కూడా ఒక పాత మీటల ఫోను ఉంది. ఇండియా నుంచి పెట్టెలో తెచ్చుకుంది. "ఇది కూడా ఇచ్చెయ్యనా అమ్మమ్మా?" అని వాడు చెయ్యి చాపితే గుప్పిట మూసేసింది. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఆయన సరదాకి రికార్డు చేసిన మాటలు కొన్ని అందులో ఉన్నాయి, బజారుకి వెళ్తూ ఏమేం తేవాలో తనకి తాను చెప్పుకున్న జాబితా ఒకటి. దాని చార్జరు ఎప్పుడో పోయింది. వాడు ఒక ఆదివారమంతా కూర్చుని, ఆ పార్కింగులో పోగైన తీగల కుప్పలోంచి సరిపోయేది వెతికి తీసి, ఫోను బతికించి, తాతయ్య గొంతు మొత్తం కంప్యూటరులోకి ఎక్కించాడు. అమ్మకి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాడు. "ఉప్మా రవ్వ అరకిలో, ఇంగువ మరిచిపోకు" అంటోంది ఆ గొంతు.

ఆ ఫోను మాత్రం ఇంకా అమ్మ పెట్టెలోనే ఉంది.